టీ ఎవరింట్లో తాగారు?

(నేర బాధితులకూ నేరం చేసినవారికీ మధ్య సంభాషణ నడిపే మధ్యవర్తుల కోసం హనుమకొండలో జరిగిన శిక్షణ తరగతుల మొదటి రోజు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త పక్కకు జరుపుతాను. ప్రొబేషన్ అధికారిగా, అంటే కోర్టు జైలుకు పంపకుండా షరతులతో వదిలిన మనుషుల్ని కనిపెట్టుకుని ఉండే పనిలో, నా ఉద్యోగమంతా చిన్న గదుల్లో, ముగ్గురు నలుగురు మనుషుల మధ్యే గడిచింది. ఇందులోంచి నా గొంతు వింటుంటే ఎన్నికలకు నిలబడ్డట్టుంది.

పొద్దున మీరంతా లోపలికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. న్యాయవాదులు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పోలీసు శాఖ వాళ్ళు తలుపు దగ్గర. అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాల వాళ్ళు ఎడమవైపు ఒక్కచోట. ములుగు, భూపాలపల్లి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన వాళ్ళు అందరికంటే ముందే చేరుకున్నా, వెళ్ళి చివరి వరసలో కూర్చున్నారు. ఎవరూ ఎవరికీ చోటు చూపించలేదు. ఎవరి చోటు వాళ్ళకు తెలుసు. ఈ సంగతి కాసేపు అలా పక్కన పెట్టండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఒక ప్రశ్న. మీలో ఇప్పటిదాకా ఒక్క పంచాయితీ అయినా తెంపినవాళ్ళు చేతులెత్తండి. (నవ్వులు) చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, తాగి చేసిన గొడవ, ఏదో ఒకటి. ఈ నేల మీద పుట్టినవాళ్ళకు పంచాయితీ కొత్త కాదు. నా భయం కూడా అదే. అసలేమీ తెలియని మనిషికి ఈ పని నేర్పడం తేలిక. పెద్దమనిషిగా పేరు తెచ్చుకున్నవాళ్ళకు నేర్పడం చాలా కష్టం. నాకైతే నాలుగేళ్ళు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

పెద్దమనిషి ఏం చేస్తాడో మీకు చెప్పనక్కర్లేదు. ఇద్దరినీ పిలుస్తాడు, కాసేపు వింటాడు, ఇద్దరినీ చెరొక మాట తిడతాడు, ఒక అంకె చెబుతాడు. ఇటువాళ్ళు ఎక్కువంటారు, అటువాళ్ళు తక్కువంటారు, మధ్యలో తెగుతుంది. చీకటి పడేలోగా అయిపోవాలి, అందరికీ పనులున్నాయి. దాన్ని నేను చులకన చేయడం లేదు. కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడం కంటే అదే నయం అనుకున్న కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. కానీ మనం ఇక్కడ నేర్చుకోబోయేది అది కాదు. దెబ్బ తిన్న మనిషి, దెబ్బ కొట్టిన మనిషి ఎదురెదురుగా కూర్చుని, ఏం జరిగింది, దానివల్ల ఏమైంది, ఇప్పుడు ఏం చేయగలం అన్న మూడు సంగతులు తమ నోటితో తాము మాట్లాడుకోవడం మన పని. కేసు నడుస్తుందా, మూతపడుతుందా అన్నది వేరే లెక్క. రాజీకీ ఈ సంభాషణకూ మధ్య తేడా తెలియని మధ్యవర్తి, బాధితుడికి రెండోసారి దెబ్బ కొడతాడు.

ఇది ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొదలుపెట్టినవాడు నాలాంటి ప్రొబేషన్ అధికారే. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అనే చిన్న ఊరు. 1974. ఇద్దరు కుర్రవాళ్ళు తాగిన మత్తులో ఒక రాత్రి ఇరవై రెండు చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. కారు టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ అధికారి, వీళ్ళు వెళ్ళి ఆ ఇళ్ళవాళ్ళను ముఖాముఖి కలిస్తే ఎలా ఉంటుందని జడ్జికి సూచించాడు. జడ్జి మొదట కుదరదన్నాడు, తర్వాత ఏమనుకున్నాడో ఒప్పుకున్నాడు. ఇద్దరు కుర్రవాళ్ళూ ఒక్కొక్క తలుపూ తట్టి, మీ ఇంటికి నష్టం చేసింది మేమే అని చెప్పారు. అధికారి, అతని సహచరుడు వెనక నిలబడ్డారు. కొన్ని నెలల తర్వాత డబ్బు పట్టుకుని మళ్ళీ అవే తలుపులు తట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు చాలా ఏళ్ళ తర్వాత ఇదే పనిలో స్వచ్ఛంద కార్యకర్తగా చేరాడు.

వినడానికి బాగుంది. కానీ ఒక్కసారి ఆ తలుపు లోపలివైపు నిలబడి చూడండి. రాత్రి మీ కిటికీ పగలగొట్టిన మనిషి చెప్పాపెట్టకుండా మీ గుమ్మంలో ప్రత్యక్షమైతే? ఆ మొదటి ప్రయత్నంలో బాధితులకు ముందస్తు తయారీ అనేదే లేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఈ రంగం నేర్చుకున్న పాఠాలన్నిటిలో పెద్దది ఇదే: ముఖాముఖి గంటసేపు ఉంటే, దాని ముందు పని వారాలు. హత్యల వంటి తీవ్రమైన నేరాల్లో నెలలు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1993 నుంచి అలాంటి కేసుల్లో కూడా, బాధిత కుటుంబం తనంతట తాను అడిగితేనే, జైల్లో ఉన్న మనిషితో సంభాషణ ఏర్పాటు చేస్తోంది. మొదటి మాట బాధితుల నుంచే రావాలి. న్యూజిలాండ్ 1989లో చట్టమే చేసింది. అక్కడ పిల్లలు తప్పు చేస్తే కుటుంబ సమావేశం పెడతారు. దానికి అక్కడి మూలవాసులైన మావోరీ తెగల సంప్రదాయం ఆధారం. నాకు అందులో నచ్చేది, మధ్యలో ఒక దశలో అధికారులంతా గదిలోంచి బయటికి వెళ్ళిపోతారు. కుటుంబం తనలో తాను మాట్లాడుకుంటుంది. మన దగ్గర అధికారి బయటికి వెళ్ళడం ఎప్పుడైనా చూశారా?

ఇక మన చట్టం. ఈ సంభాషణకంటూ మన దగ్గర ప్రత్యేక అధ్యాయం లేదు. పక్క తలుపులున్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. దాని కింద విడుదలైన వ్యక్తి బాధితులకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది. ఐపీసీ స్థానంలో కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ శిక్షగా చేరింది. ఐదు వేల రూపాయల లోపు దొంగతనం, అదీ మొదటిసారి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. రాజీపడదగిన నేరాల పట్టిక పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 320వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 359. మీలో సుప్రీంకోర్టు కమిటీ నిర్దేశించిన నలభై గంటల మధ్యవర్తిత్వ శిక్షణ పొందినవాళ్ళు కొందరున్నారు. అది మంచి శిక్షణ. కానీ అక్కడ మీ ముందు కూర్చునేది రెండు పక్షాలు. ఇక్కడ ఒకరు నేరం చేసినవారు, ఒకరు దాన్ని భరించినవారు. ఇద్దరినీ మర్యాదలో సమానంగా చూడాలి, జరిగిన దానిలో మాత్రం సమానం చేయకూడదు. 'చప్పట్లు రెండు చేతులతోనే మోగుతాయి' అనే మాట ఈ వారం రోజులూ ఎవరి నోటా రావద్దు.

2002లో ఐక్యరాజ్యసమితి కొన్ని మౌలిక సూత్రాలు చేసింది. రెండు మాత్రం చెబుతాను. ఇద్దరూ స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే కూర్చోవాలి, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. అలాగే, నేరం చేశాడంటున్న మనిషి అక్కడికి రావడాన్నే తర్వాత కోర్టులో నేరాంగీకారంగా వాడకూడదు. రెండోది మన దగ్గర చట్టంలో గట్టిగా లేదు. అందుకే నేను వీలైనంతవరకు తీర్పు వచ్చిన తర్వాతే ఈ పని చేస్తాను. విచారణ నడుస్తుండగా చేయాల్సి వస్తే అతని న్యాయవాదికి చెప్పకుండా గదిలోకి పిలవను. ముందు వరసలో కొందరు తలలూపుతున్నారు, సంతోషం.

అసలు తీసుకురాకూడనివి కూడా ఉన్నాయి. అత్యాచారం కేసులో రాజీ అనే ఆలోచనే తప్పని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో చెప్పింది. హత్య, అత్యాచారం, దోపిడీ లాంటి నేరాలు ఇద్దరి మధ్య ఒప్పందంతో చెరిగిపోవని అంతకుముందే 2012లో గియాన్ సింగ్ కేసులో చెప్పింది. ఊళ్ళో మాత్రం ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. పిల్లకు పెళ్ళి చేస్తామంటారు, లేదా ఒక అంకె వేస్తారు. దానికి కొత్త పేరు తగిలించి గౌరవం తెచ్చే పని మనం చేయకూడదు. కులం పేరుతో జరిగిన దాడుల్లో, ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్న ఆడమనిషి విషయంలో 'ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి' అనేవాళ్ళు సాధారణంగా ఎవరి తరఫు నుంచి వస్తారో చూడండి, మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. పొద్దున మీరు కూర్చున్న తీరు చెప్పాను కదా. ఊళ్ళో పంచాయితీ జరిగే కచ్చీరు దగ్గర ఇంకా కచ్చితంగా ఉంటుంది. ఎవరు కుర్చీ మీద, ఎవరు గద్దె మీద, ఎవరు నిలబడి. మీరు ఒక గదిలో మూడు ఒకేలాంటి కుర్చీలు వేశారనుకోండి, సగం పని అయిందని అనుకోకండి. జీవితమంతా నిలబడి మాట్లాడిన మనిషి ఆ కుర్చీ అంచున కూర్చుంటాడు, వీపు ఆనించడు. ఆ వీపు ఆనేదాకా సంభాషణ మొదలుపెట్టకండి.

ముఖాముఖికి ముందు రెండు ఇళ్ళకూ విడివిడిగా వెళ్ళాలి. మొదట్లో నేనొక ఊళ్ళో బాధితుల ఇంట్లో టీ తాగాను. వాళ్ళు కాస్త ఉన్నవాళ్ళు. నేరం చేసిన కుర్రవాడి ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళమ్మ టీ పెడతానంటే, 'ఇప్పుడే తాగానమ్మా' అన్నాను. నిజమే, తాగాను. తర్వాత మూడుసార్లు వెళ్ళినా ఆ ఇంట్లో ఎవరూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు. నాలుగోసారి ఆ కుర్రవాడి మేనమామ నవ్వుతూనే అడిగాడు, 'మా ఇంట్లో మీరు టీ తాగరు కదా సార్' అని. వాళ్ళ కులం మీకు చెప్పనక్కర్లేదు, మీరు ఇప్పటికే ఊహించారు. ఆ కేసు ముందుకు సాగలేదు. దానికి బాధ్యుణ్ణి నేనే. అప్పటినుంచి రెండు ఇళ్ళలోనూ తాగుతాను, లేకపోతే రెండింటిలోనూ మంచినీళ్ళతో సరిపెడతాను. షుగరు వచ్చిన తర్వాత కూడా ఇదే పద్ధతి. మా ఆవిడకు ఈ సంగతి చెప్పకండి.

రెండోది, పిలుపు. మనం పేదవాళ్ళను 'నువ్వు' అంటాం. పోలీసు స్టేషన్‌లో నిందితుణ్ణి 'నువ్వు' అనడం ఒక అలవాటు. ఫిర్యాదు చేయడానికి వచ్చిన కూలిమనిషిని కూడా అలాగే అంటాం, మనకు తెలియకుండానే. అదే దుకాణం యజమాని ఫిర్యాదుకు వస్తే 'మీరు, కూర్చోండి'. గదిలో ఒకరిని మీరు, ఇంకొకరిని నువ్వు అన్నారంటే తీర్పు ఇచ్చేసినట్టే. ఇద్దరినీ మీరు అనండి. పద్దెనిమిదేళ్ళ దొంగను మీరు అంటే మొదట వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, ఇంకెవరినో అంటున్నారని.

మూడోది చెప్పాలంటే కొంచెం వ్యాకరణంలోకి వెళ్ళాలి. మన భాష తప్పు చేసినవాళ్ళకు చాలా దయ చూపిస్తుంది. 'తప్పయింది సార్' అంటాడు. ఎవరివల్ల అయింది? 'దెబ్బ తగిలింది.' ఎవరు కొట్టారు? 'చెయ్యి జారింది.' 'పొరపాటు జరిగిపోయింది.' వాక్యంలో మనిషే ఉండడు, అన్నీ వాటంతటవే అయిపోతుంటాయి. తయారీ సమావేశాల్లో నేను వినేది ఈ క్రియాపదాల కోసమే. 'అయింది' నుంచి 'చేశాను' దాకా ఒక మనిషి నడవడానికి మూడు వారాలు పట్టొచ్చు. సరిదిద్దకండి. 'చేశాను అనండి' అని పలికించారంటే అది బడిలో ఎక్కం అప్పజెప్పడమే. 'అప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?' అని అడగండి. 'తర్వాత?' అనండి. తర్వాత, తర్వాత అని అడుగుతూ పోతే ఏదో ఒక చోట వాక్యంలోకి 'నేను' వస్తుంది. రాకపోతే ఆ మనిషి ఇంకా సిద్ధంగా లేడని అర్థం. బాధితుల ముందు కూర్చోబెట్టకండి. 'చెయ్యి జారింది' అనే మాట వినడానికి వాళ్ళు అంత దూరం రానక్కర్లేదు.

ఇంకొకటి, కాళ్ళ మీద పడటం. ఇది మన దగ్గర ఎక్కువ. లోపలికి రాగానే అవతలి మనిషి కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, మధ్యవర్తికీ గుండె కరుగుతుంది. కానీ ఆ కాళ్ళు ఎవరివో ఆ మనిషి పరిస్థితి చూడండి. పాదాల మీద ఒకడు పడి ఉంటే మన దగ్గర ఏం అనాలో ముందే రాసిపెట్టి ఉంది. 'లే బిడ్డా' అనాలి. అనకపోతే రాతిగుండె అంటారు. నోరు విప్పకముందే ఆమె దగ్గర క్షమాపణ లాగేసుకున్నట్టే కదా ఇది? అందుకే ముందే చెప్పండి: కాళ్ళు మొక్కకూడదు, ఆమె అడిగితే తప్ప. కూర్చోవాలి, ముఖం చూసి మాట్లాడాలి. మొక్కడం కంటే ఇది ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు. కొందరు బతిమాలారు నన్ను, 'సార్, ఒక్కసారి కాళ్ళు పట్టుకుని బయటికి వచ్చేస్తాను' అని.

రాగి తీగ కేసు ఒకటి చెబుతాను. పదిహేడేళ్ళ పిల్లవాడు, బావి దగ్గర మోటారు విప్పి లోపలి రాగి తీగ అమ్ముకున్నాడు. ఊరి పెద్దలు రైతుకు పదివేలు ఇప్పించి ముగిద్దామన్నారు. రైతు ఒప్పుకున్నాడు కూడా. నేను వెళ్ళి కూర్చుంటే ఆయన డబ్బు మాటే ఎత్తలేదు. వరి పొట్ట దశలో ఉంది. మోటారు వైండింగ్ చేయించి తెచ్చేసరికి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులు పక్క రైతును బతిమాలి రాత్రిపూట రెండు గంటల నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ పక్క రైతుతో ఆరేళ్ళుగా మాటల్లేవు. 'వాడి గుమ్మం ఎక్కాల్సి వచ్చింది' అన్నాడు, అదొక్కటే మూడుసార్లు అన్నాడు. ఆయన పోగొట్టుకున్నది పదివేల లెక్కలో ఎక్కడా లేదు. ముఖాముఖిలో పిల్లవాడికి ఇదంతా చెప్పాడు. పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న: 'పొట్ట దశ అంటే ఏమిటి పెదనాయనా?' వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడే, టౌనులో హాస్టల్లో చదివాడు. రైతుకు కోపం వచ్చింది, తర్వాత ఒక అరగంట వరి గురించి చెప్పాడు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడేందుకు నాకు చోటే లేదు.

మాట్లాడకుండా ఉండటం గురించే చివరగా ఒకటి. ఇది చెప్పడం నాకు అంత తేలిక కాదు.

ధాన్యం బస్తాలతో ఉన్న ట్రాక్టర్ ట్రాలీ, రాత్రి రోడ్డు పక్కన పంక్చరై ఆగింది. వెనక ఎర్ర లైటు లేదు, స్టిక్కర్లు లేవు. బండి మీద వస్తున్న కుర్రవాడు వెనక నుంచి గుద్దాడు. మన జిల్లాల్లో పంట కోతల కాలంలో ఇలాంటివి మీరందరూ చూసి ఉంటారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం రాజీపడదగిన నేరం కాదు. డ్రైవరుకు శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు. పరిహారం కేసు వేరేగా తేలింది. చట్టం చేయాల్సినవన్నీ చేసింది. ఆ తర్వాత ఏడాదికి కుర్రవాడి తల్లి మా ఆఫీసుకు వచ్చి ఆ డ్రైవరును కలవాలంది. ఎందుకమ్మా అంటే, 'ఒకటి అడగాలి' అంది. ఆమె ఇంటికి మూడుసార్లు, అతని ఇంటికి ఐదుసార్లు వెళ్ళాను.

ముఖాముఖి రోజు ఆమె అడిగింది: ఆ రాత్రి నేను ఫోను చేస్తూనే ఉన్నాను, అది మోగిందా?

అతను తల వంచుకుని చెప్పాడు. మోగింది. తెర మీద 'అమ్మ' అని వచ్చింది. నాలుగుసార్లు మోగింది. ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు, రెండు నిమిషాలు కావచ్చు. నాకు ఊపిరాడలేదు. ఏదో ఒకటి అనాలి, ఆమెను ఓదార్చాలి అనిపించి నోరు తెరిచాను. 'అమ్మా, అతను కూడా...' అన్నాను. అంతే. ఆమె నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టి, 'మీరు ఆగండి సార్' అంది. అన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, సరిగ్గా ఆగాల్సిన చోట ఆగలేకపోయాను. నేను తట్టుకోలేని నిశ్శబ్దాన్ని ఆమె తట్టుకోలేదని ఎలా అనుకున్నానో.

ఇంకాసేపటికి ఆమే అంది: 'నేను ఐదుసార్లు చేశాను.'

అతను అన్నాడు: 'ఐదోసారికి నేను అక్కడ లేను. పొలాల్లోకి పారిపోయాను.'

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. మీరూ ఎప్పుడూ అడగకండి. బస్సు టైమైందని లేచింది. ఆ రోజు కాగితం మీద రాసుకోవడానికి ఒప్పందమంటూ ఏమీ లేదు. ఎవరైనా వచ్చి ఫలితం ఏమిటని అడిగితే నేను చూపించగలిగింది తేదీ, మూడు సంతకాలు.

సరే. అభ్యాసంలోకి వెళదాం. మధ్యాహ్నం నుంచి నాటకాలు ఆడిస్తాం, అందులో దొంగ వేషానికి పోటీ ఎక్కువ ఉంటుంది. పోయినసారి ఒక హెడ్ కానిస్టేబుల్ గారు వేసిన దొంగ వేషం చూస్తే బాగోతంలో అవకాశం ఇచ్చి ఉండేవాళ్ళు. బాధితుల వేషం వేయమంటే మాత్రం ఎవరూ లేవరు. ఈసారి అందరూ రెండూ వేయాలి. ఇంకొక సంగతి, పోయినసారి పన్నెండు నిమిషాల్లో కరచాలనం చేయించిన జట్టు ఒకటుంది. వాళ్ళకు మళ్ళీ మొదటినుంచి చేయమని చెప్పాం.

దానికి ముందు ఒక చిన్న పని. లేచి నిలబడండి. వెనక వరసవాళ్ళు ముందుకు రండి, ముందువాళ్ళు వెనక్కి వెళ్ళండి. తెలియని మనిషిని ఒకరిని ఎంచుకుని ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు తమకు జరిగిన అన్యాయం ఒకటి, చిన్నదే చాలు, చెప్పాలి. రెండోవారు వినాలి. ఐదు నిమిషాలు. 'పోనీలెండి' అనకూడదు, సలహా ఇవ్వకూడదు, 'నాకూ ఇలాగే జరిగింది' అనకూడదు. చెప్పేవాళ్ళు మధ్యలో ఆగిపోతే మీరూ ఆగండి. నేను గడియారం చూస్తాను.

కుర్చీలు నెమ్మదిగా జరపండి. కానివ్వండి.